సామాను మోసిన చేతికి

ప్రయాణపు బడలికతో విడిది చేరిన మనుష్యునకు మొట్టమొదట ఎదురగువాడు హోటలు యజమాని కాదు, లెక్కలు వ్రాసికొను గుమాస్తాయును కాదు. కారు ఆగీ ఆగకముందే డిక్కీ దాపునకు వచ్చి, అడుగకుండగనే పెట్టె నందుకొను సామాను మనిషి. మన బరువును తన భుజమున వేసికొని, మనకంటె ముందుగ మన గదిలో అడుగుపెట్టి, దీపములు వెలిగించి, కిటికీ తెరలు తొలగించి, ఏసీ రిమోటు ఎక్కడ నున్నదో, వేడినీళ్ల కుళాయి ఏ వైపునకు త్రిప్పవలెనో చూపి, ‘ఇంకేమైనా కావాలా సార్?’ అని అతడు తలుపు కడ నిలుచు అరనిమిషము కలదే, విహారయాత్రలలో సంపన్నులును సామాన్యులును సమానముగ తడబడునది ఆ అరనిమిషముననే. ఎంత యీయవలెనో తెలియదు. జేబులో ఐదువందల నోటు తప్ప చిల్లర లేదు. ఇచ్చినది తక్కువ యగునేమో యను సంకోచ మొకవైపు, అడుగనివానికి ఇచ్చి అవమానించుచున్నామేమో యను శంక మరియొకవైపు. ఇంతటి స్వల్పవిషయమును గూర్చి వ్రాయనేల యని కొందరనుకొనవచ్చును. ఒకని శ్రమను మరియొకడు ఎట్లు గుర్తింపవలెనను ప్రశ్న సభావేదికలమీదికంటె ఇట్టి గుమ్మముల కడనే ప్రతిదినము పరీక్షకు వచ్చుచున్నదని నా నమ్మకము. అందుచేతనే ఈ వారము దీనిని గూర్చి వ్రాయుచున్నాను.

మొన్నటి శీతకాలమున అరకులోయ దాపున, కాఫీతోటల నడుమ, కొండవాలున అంచెలంచెలుగ కట్టిన కుటీరములు గల యొక రిసార్టున మా కుటుంబము దిగినది. కార్లు రిసెప్షన్ వరకే పోగలవు. అక్కడినుండి కుటీరములకు రాతిమెట్లే దారి. ఆ చుట్టుప్రక్కల పల్లెకు చెందిన యువకుడొకడు వచ్చి, ముందుగ సంచులన్నిటిని నేలపై వరుసగ పెట్టి, రెండుమారులు పైకి లెక్కించి, ఏది బరువైనదో ఏది పగిలిపోవునదో ఒక్కొక్కదానిని కొద్దిగ ఎత్తి చూచి తెలిసికొని, ఆవకాయజాడీ యున్న సంచిని వేరుగ తీసి మా అమ్మాయి చేతికిచ్చెను. తరువాత భుజముమీది తువాలును చుట్టగ చుట్టి తలపై పెట్టుకొని, చక్రములున్న పెద్దపెట్టెను దానిపై నిలిపి, చిన్నదానిని ఎడమచేత పట్టుకొని, మంచుతడికి జారు మెట్లపై పాదమును అడ్డముగ ఆనించుచు ఎక్కసాగెను. ‘ఎన్ని మెట్లున్నాయి బాబూ?’ అని నేనడిగితిని. ‘లెక్కెడితే బరువెక్కిపోద్దండి’ అని అతడు వెనుదిరుగకయే బదులు చెప్పెను. గదిలో పెట్టెను బల్లపై పెట్టునప్పుడు జిప్పు మావైపు ఉండునట్లు త్రిప్పి పెట్టెను. చక్రములకంటిన ఎఱ్ఱమట్టిని ఆ తువాలుతోనే తుడిచి, నేలపై మరక పడలేదని చూచుకొనెను. నోట్లు నా చేతిలో ముందే మడిచి యున్నవి. ‘చాలా శ్రమపడ్డావయ్యా’ అని అందించితిని. కుడిచేతి క్రింద ఎడమచేతి నానించి పుచ్చుకొని, ఎంతయో చూడకయే జేబులో వేసికొని, ‘వస్తానండి’ అని దిగిపోయెను.

అతడు చూడకుండుటలో ఒక మర్యాద యున్నది. ఎంత ఇచ్చినదియు ఇచ్చినవాని యెదుట తూచి చూడరాదను నియమము అతని కెవ్వరు నేర్పిరో నేనెరుగను. అతని పక్షమున ఆ మర్యాద యుండగా మన పక్షమున ఉండవలసిన మర్యాద యేది యను ప్రశ్నకు నాకు తోచిన సమాధాన మొక్కటే: అతనిని నిలువబెట్టకుండుట. ఇచ్చు మొత్తము రెండవ విషయము. పర్సు వెదకుచు, నోట్లు లెక్కించుచు, చిల్లర యున్నదాయని ఇంటివారి నడుగుచు ఒక మనుష్యుని గుమ్మము కడ నిలిపి యుంచినచో అతని శ్రమ యాచనగ మారిపోవును. ముందే సిద్ధపరచిన నోటును మాటతో కలిపి తిన్నగ చేతికిచ్చినచో అదియే గౌరవ మగును. కావున రిసార్టునకు బయలుదేరుటకు ముందే యాభైలు, నూరులు మార్చి చొక్కాజేబున వేరుగ పెట్టుకొనుట నేను పాటించు పద్ధతి. మందులు సర్దుకొన్నట్లే ఇదియు ప్రయాణపు సన్నాహములలో నొకటి.

హోటలు పని తీరు తెలిసినచో ఎవరికి ఎప్పుడు ఇయ్యవలెనను సందేహము చాలవరకు తీరును. పెద్ద హోటళ్లలో ద్వారము కడ తలుపు తెరచువాడు వేరు, లాబీలో బెల్ డెస్కు కడ నుండు సామాను మనుష్యులు వేరు. వారిపై బెల్ కెప్టెన్ యనువాడొకడు ఏ గది సామాను ఎవరు తీసికొనిపోవలెనో నిర్ణయించి వ్రాసికొనుచుండును. పెండ్లివారి బృందమో యాత్రాబృందమో దిగినప్పుడు ఒక్కొక్క పెట్టెకు గది సంఖ్య గల చీటీ కట్టి, ఇత్తడి కమ్ముల బండిపై పేర్చి, ఒక్కటియు తారుమారు కాకుండ పదుల గదులకు చేర్చుట యెంత శ్రమయో చూచినవారికే తెలియును. గది ఖాళీచేసిన పిదప సాయంత్రపు రైలు వరకు మన పెట్టెలను దాచి యుంచువారును వీరే. కనుక దిగిన దినమున మోసినవానికి అప్పుడే ఇచ్చివేయవలెను. పోవునాడు ఇత్తమని దాచినచో ఆనాటి వంతున మరియొకడు వచ్చును, మొదటివాని శ్రమ మొదటివానికి ముట్టదు. ఇద్దరు కలిసి మోసినచో ఇద్దరి చేతులకును వేరువేరుగ ఈయవలెను. ‘మీరు పంచుకోండి’ అని ఒకని చేతిలో పెట్టుట సులువే గాని, వారి నడుమ లెక్కల తగవును మనమే పెట్టినవారమగుదుము.

ఎంత యనునది ఊరినిబట్టి, హోటలునుబట్టి, అన్నిటికంటె మిన్నగ బరువునుబట్టి యుండును. సాధారణపు విడుదులలో పెట్టెకు యాభై, నక్షత్రముల హోటళ్లలో నూరు, మెట్లెక్కవలసిన కొండచోట్ల అంతకు రెట్టింపు అనునది నేననుసరించు లెక్క. ఇది శాసనము కాదు, ఎవరి శక్తినిబట్టి వారు మార్చుకొనవచ్చును. ఐతే గది అద్దె పెరిగినకొలది ఈనాము పెరుగుటకు కారణము లేదు; సముద్రము కనబడు గదికి మోసిన పెట్టె, గోడ కనబడు గదికి మోసిన పెట్టెకంటె బరువైనది కాదు. మోసినవాడు నవ్వినాడా, వంగి నమస్కరించినాడా యని చూచి తగ్గించుట, పెంచుట కూడ నాకు సమ్మతము కాదు. మనము గుర్తింపదలచినది శ్రమను. వినయమునకు వెల కట్టబూనుట ఆ మనిషిని చిన్నబుచ్చుటయే.

పెట్టెలకు చక్రములు వచ్చిన తరువాత ఈ వృత్తి స్వరూపమే మారినది. బెర్నార్డ్ శాడో యను అమెరికను చక్రములుగల పెట్టెకు 1972 లో పేటెంటు పొందెను. 1987 లో రాబర్ట్ ప్లాత్ యను విమానచోదకుడు దానిని నిలువుగ నిలిపి, పొడవైన పిడి తగిలించి, నేడు మనమందరము లాగుచున్న రూపము నిచ్చెను. చదునైన నేలపై అప్పటినుండి మనిషి అవసరము తగ్గినది. సికింద్రాబాదు స్టేషనులో ఎఱ్ఱచొక్కా, బిళ్ల ధరించిన సామాను కూలీలు ఖాళీచేతులతో రైలు వెంట నడచుచుండుట చూచినవారెల్లరు ఆ మార్పును చూచినవారే. 2016 నాటి రైల్వే బడ్జెటు వారికి ‘సహాయక్’ అను పేరు పెట్టినది గాని, పేరుతో పాటు పని పెరుగలేదు. ఐతే చక్రము మెట్లెక్కజాలదు. సిమ్లాలో మాల్ రోడ్డు హోటళ్లకు సామాన్యముగ వాహనములు పోనందున, నేటికిని కాశ్మీరీ కూలీలు వీపున త్రాటితో పెట్టెలు కట్టుకొని కొండ నెక్కుచున్నారు. సాధారణ మోటారు బండ్లు నిషిద్ధమైన మాథేరానులో దస్తూరీ నాకా దాటిన తరువాత బరువు తరచుగ ఎక్కునది మనిషి తలపైకో గుఱ్ఱము వీపుపైకో. యంత్రము చేతులెత్తివేసిన చోట మోయుచున్నవాడు ఈ సామాను మనిషియే. ఆ గుర్తింపు మన ఈనామున ఉండవలెను.

ఈయకుండుటయే మర్యాదయైన చోట్లు కూడ కలవు. తిరుమలకు నడచి ఎక్కువారి సామానును అలిపిరి కడ పుచ్చుకొని, కొండపైకి ఉచితముగ చేర్చి అప్పగించు ఏర్పాటును దేవస్థానము వారు చేసియున్నారు. కల్యాణకట్టలో తలనీలాలు తీయుటయు ఉచితమే. అట్టి చోట్ల నియమమునకు విరుద్ధముగ మనము చేతిలో పెట్టిన పదియో యాభైయో మన వెనుక వచ్చు పేదభక్తుని నెత్తిన వసూలుగ పడును. దయతో ఇచ్చితిమను తృప్తి మనది, భారము అతనిది. జపానులో హోటలు సేవకునకు డబ్బిచ్చుట వాడుకలో లేదు. అక్కడి సంప్రదాయ వసతిగృహములలో మాత్రము, ఇయ్యదలచినవారు చిన్న కవరులో పెట్టి గౌరవముతో అందింతురు. మన దేశమునను కొన్ని రిసార్టులు రిసెప్షన్ కడ నొక పెట్టె యుంచి, అందులో పడినది వంటవారికి, బట్టలుతుకువారికి కూడ పంచుచున్నవి. మన కంటికి కనబడక పనిచేయువారిని ఆ పద్ధతి మరువదు గనుక, అట్టి పెట్టె యున్నచోట నేను దానినే ఆశ్రయింతును.

అమెరికాలోని బిడ్డల యింటికి పోయిన తెలుగు తల్లిదండ్రులు మొట్టమొదట కలవరపడు విషయములలో ఇదియు నొకటి. లాస్ వేగాసు హోటలులో కొడుకు పెట్టెకు రెండు మొదలు ఐదు డాలర్ల వంతున లెక్కించి ఇచ్చుచుండగా, తండ్రి మనసులో దానిని రూపాయలలోనికి మార్చుకొని నిట్టూర్చును. జీతమిచ్చు యజమాని యుండగా మనమేల ఈయవలెనని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము ఆ దేశపు రైలుపెట్టెల చరిత్రలో నున్నది.

1867 లో స్థాపితమైన పుల్‌మన్ కంపెనీ పడకల రైలుపెట్టెలను నడపుచు, వానిలో సామాను మోయుటకును, పడకలు పరచుటకును, బూట్లు తుడుచుటకును అప్పుడప్పుడే దాస్యవిముక్తులైన నల్లజాతివారిని నియమించెను. జీతము స్వల్పము, తక్కినది ప్రయాణికుల దయకు వదలివేయబడినది. నెలకు 400 గంటలో, 11,000 మైళ్లో నడచిననే గాని పూర్తి జీతము రాదు. వారికి తలిదండ్రులు పెట్టిన పేర్లుండగా, ప్రయాణికులు యజమానియైన జార్జి పుల్‌మన్ పేరుతో ప్రతివానిని ‘జార్జి’ యని పిలుచుచుండిరి. బానిసను యజమాని పేరుతో పిలుచు పాతవాడుకకు అది కొనసాగింపు. ఈనాముపై ఆధారపడినవాడు కోపమును మ్రింగుకొని నవ్వవలెను. నవ్వనివానికి ఆ రాత్రి భోజనము కఱవు. 1925 లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున ఆ పోర్టర్లు సంఘముగ నేర్పడి, పండ్రెండేండ్లు పోరాడి, 1937 లో కంపెనీతో ఒడంబడిక సాధించిరి. పనిగంటలు 240 కి తగ్గినవి, జీతములు పెరిగినవి. వారు కోరినది పెద్ద టిప్పులు కాదు. టిప్పుపై ఆధారపడని జీతము.

కాని ఆ దేశపు శాసనములు వేరొక దారిన పోయినవి. 1909 లో వాషింగ్టన్ రాష్ట్రము మొదలుకొని కొన్ని రాష్ట్రములు టిప్పునే నిషేధించినవి. 1926 నాటికి ఆ శాసనములన్నియు రద్దైనవి. 1938 లో కనీస వేతన శాసనము వచ్చినప్పుడు, స్టేషన్లలో సామాను మోయు ‘రెడ్‌కాప్’లకు అందిన టిప్పులనే వేతనముగ జమకట్టు ఉపాయమును రైల్వే సంస్థలు పన్నగా, 1942 లో అక్కడి సుప్రీంకోర్టు దానిని త్రోసివేయలేదు. 1966 సవరణ హోటళ్లను, భోజనశాలలను ఆ శాసనము క్రిందికి తెచ్చుచు, టిప్పులో కొంతభాగమును వేతనమున జమకట్టుకొనుటకు యజమానికి అనుమతి నిచ్చెను. ఫలితముగ టిప్పులు పుచ్చుకొను పనివానికి యజమాని చెల్లింపవలసిన కనీసపు కూలి, కేంద్రశాసనము ననుసరించి, గంటకు 2.13 డాలర్లు, 1991 నుండి నేటివరకు అది కదలలేదు. అనేక రాష్ట్రములు ఇంతకంటె మెరుగైన నియమములు చేసికొన్నవి. తక్కినచోట్ల యజమాని ఈయవలసిన కూలిలో కొంత అతిథియే ఇచ్చుచున్నాడు. తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానమిది: అక్కడ ఇయ్యకుండుట యజమానికి బుద్ధిచెప్పుట కాదు, మోసినవాని కడుపు కొట్టుట.

మన పల్లెలలో కూలిని, ఈనామును వేరుగ నుంచు వాడుక యుండెడిది. కల్లములో పంట తూర్పారబట్టి రాశి పోసిన తరువాత, చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి కొలిచి పోయు మేర వారి హక్కు; రైతు దయతో దానికి సంబంధము లేదు. పండుగకో పెండ్లికో ఇచ్చు క్రొత్తబట్టలు, ఈనాములు దానికి పైన. మేర యెగగొట్టి ‘పండుగకు పంచె పెట్టితిని గదా’ యని యెవ్వడైన ననినచో ఊరు ఊరుకొనదు. ఆ వ్యవస్థలో కులము పేరిట సాగిన వెట్టియు, అవమానములును అనేకములు. దానిని తిరిగి కోరువాడను కాను. ఐనను హక్కు హక్కే, కానుక కానుకే, ఒకదానిని చూపి మరియొకదానిని మ్రింగరాదను ఆ ఒక్క సూత్రమును మాత్రము నేటి హోటళ్లు గ్రహింపదగియున్నది.

మన న్యాయస్థానములును ఆ వైపునకే మొగ్గినవి. అతిథులు కార్డు ద్వారా బిల్లుతో కలిపి చెల్లించిన టిప్పులను హోటలు వసూలుచేసి పనివారికి పంచినప్పుడు అది జీతమగునా యను ప్రశ్న, ఐటీసీ హోటళ్ల వ్యాజ్యమున 2016 లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చెను. టిప్పు అతిథినుండి పనివానికి పోవు సొమ్మని, యజమాని దానిని నమ్మకముగ అందించువాడు మాత్రమేయని, అది యజమాని ఇచ్చు జీతము కాదని న్యాయస్థానము తేల్చిచెప్పెను. ఆదాయపు పన్ను సందర్భమున పుట్టిన తీర్పే యైనను, అందులోని న్యాయము అంతకంటె విశాలమైనది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అతిథి సమ్మతి లేకుండ బిల్లులో సర్వీసు ఛార్జీ చేర్చరాదని మార్గదర్శకములు వెలువరించగా, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వానిని సమర్థించెను. బిల్లులో బలవంతముగ చేర్చినది ఈనాము కాజాలదు. అది ఎవరి చేతికి చేరునో అతిథికి తెలియదు. అమెరికాలోవలె టిప్పును కనీస వేతనమున జమకట్టు ఏర్పాటు మన శాసనములలో లేదు. ఆ మేలును మనము కాపాడుకొనవలెను.

ఇపుడు నగదు జేబులనుండి మాయమగుచున్నది. టీకొట్టు మొదలు నగలదుకాణము వరకు యూపీఐతో గడచుచుండగా, విహారమునకు వచ్చిన యువజంట కడ ఒక్క నోటైనను ఉండదు. ‘క్యాష్ లేదు బ్రదర్’ అను మాటతో తలుపు మూసికొనుచున్నది. కొందరు హోటలు పనివారు ఫోనులో క్యూఆర్ చూపుదురు గాని, చాలచోట్ల వారికి ఆ స్వేచ్ఛ లేదు. అతిథి నడిగినట్లగునని యాజమాన్యము మందలించును. చూపుటకు వీలులేనివానిని ‘నీ నంబరు చెప్పు తమ్ముడూ’ అని అడిగి పంపుటకు మనకు పట్టునది క్షణకాలమే. అడుగవలసినవాడు అతడు కాదు, మనము.

ఈనామే బానిసత్వపు శేషమనియు, ఆత్మగౌరవముగల సమాజమున దానికి తావుండరాదనియు వాదించు మిత్రులు నాకు కలరు. పుల్‌మన్ చరిత్ర చదివినవాడు ఆ వాదమును తేలికగ త్రోసివేయలేడు. కాని వారిలో కొందరు ఆ సిద్ధాంతమును చెప్పి గుమ్మము కడ చేతులు కట్టుకొని నిలుచుటను నేనొప్పుకొనజాలను. సిద్ధాంతమునకు మూల్యము చెల్లింపవలసినది మెట్లెక్కి వచ్చిన యువకుడు కాదు. అతనికి ఈయవలసినది ఇచ్చి, ఆ మీదట రిసెప్షన్ కడకు పోయి, గది తీసికొనునప్పుడు అద్దెను గూర్చి, అల్పాహారమును గూర్చి నిస్సంకోచముగ అడిగిన నోటితోనే, ‘మీ సామాను మనుష్యులకు నెలజీతముందా, టిప్పులమీదనే నడుపుతున్నారా?’ అని అడుగవలెను. అభిప్రాయముల పుస్తకమున దోసెల రుచిని గూర్చి నాలుగు పంక్తులు వ్రాయువారు, సామాను మోసినవాని పేరు వ్రాసి, బాగుగ చేసినాడని ఒక్క పంక్తి చేర్చినచో, జీతము పెంచు దినమున ఆ పంక్తి అతనికి అక్కరకు వచ్చును. ఈనాము మన చేతిలోనిది గనుక తడబాటు లేక ఇత్తము. జీతము యజమాని చేతిలోనిది గనుక దానిని గూర్చి అడుగుటకు మొగమాటపడక యుందము. డబ్బిచ్చి గది తీసికొన్న ప్రతి యతిథికిని ఆ ప్రశ్న అడుగు అధికారము కలదు.